బిళ్ళ గన్నేరు ఇసుక మొక్క

జులైలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మిద్దెతోటల గ్రూపుల్లో ఆ ఫొటో రావాల్సిందే. నిన్నటిదాకా విరగబూసిన బిళ్ళ గన్నేరు కుండీ. ఇవాళ కొమ్మలన్నీ వేలాడేసింది, ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. కింద వచ్చే సలహాలూ ఏటా అవే. బూజు మందు బావిస్టిన్ కలిపి పోయండి, ఎప్సమ్ సాల్ట్ వేయండి, గుప్పెడు వేపపిండి కలపండి, నీడకు మార్చండి. ఆఖర్న ఒకరు తీర్పు చెప్పేస్తారు: "అది సీజనల్ మొక్క అండీ. దాని టైమ్ అయిపోయింది. నవంబరులో మళ్ళీ తెచ్చుకోండి."

నా పేచీ ఆ ఆఖరి మాటతో. మిగతా సలహాల్లో తప్పులుంటే దిద్దుకోవచ్చు. మొక్క ఆయుష్షే అంత అని నమ్మేశాక మాత్రం అదెందుకు చచ్చిందని ఇక ఎవరూ వెతకరు. బిళ్ళ గన్నేరు సీజనల్ కాదు. మొదలు చెక్కబారి ఏళ్ళ తరబడి బతికే చిన్న పొద. దాన్ని ఆర్నెల్ల మొక్కను చేసింది మనం కుండీలో నింపే మిశ్రమమూ, రోజూ తప్పకుండా పోసే నీళ్ళూ. వంకాయకీ టమాటాకీ కుదిరే మిద్దెతోట మట్టిలో దీన్ని పెట్టడమే అసలు పొరపాటు అంటాను.

ఆ సీజనల్ ముద్ర చలిదేశాల విత్తనాల కేటలాగుల నుంచి వచ్చింది. అక్కడ మంచు పడగానే మొక్క చచ్చిపోతుంది కాబట్టి వేసవి కోసం నాటి, చలికాలానికి పీకేస్తారు. ఆ గింజలతో పాటు ఆ లేబులూ మన నర్సరీలకు చేరింది. తమాషా ఏమిటంటే మన దగ్గర దాన్ని చలికాలపు మొక్కల వరసలో, పెటూనియాల పక్కన పెట్టి అమ్ముతారు. మే నెల ఎండలో కళకళలాడే మొక్కను డిసెంబరులో కొంటాం. రాత్రి చలికి అది ఎదుగుదల తగ్గించుకుని ఉన్నప్పుడు రోజూ చెంబుడు నీళ్ళు పోస్తాం. ఫిబ్రవరికల్లా సగం కుండీలు ఖాళీ.

ఇసుకలో దొరికేది

దీని సొంత గడ్డ మడగాస్కర్, అక్కడి తీరపు ఇసుక నేలలు. మన దేశానికి వచ్చాక కూడా తనకు సరిపడ్డ చోటే చూసుకుంది. తీరం వెంట సరుగుడు తోటల్లో, జీడిమామిడి చెట్ల మధ్య ఖాళీల్లో, ఇసుక గట్ల మీద, శ్మశానాల్లో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. రావణాసురుడి మీసాల గడ్డి ఉండే అలల అంచు దాకా పోదు. దానికి కాస్త వెనక్కి, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక నిలకడగా ఉన్న చోట కుదురుకుంటుంది. ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది గానీ ఉప్పునీళ్ళలో నిలబెడితే బతకదు.

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తీరంలో వాన తక్కువేం కాదు కదా? విశాఖలో ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. హైదరాబాద్‌లో 800 అటూ ఇటూ. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వస్తే తీరంలో ఒక్క రోజులోనే కుండపోత. అయినా అక్కడి ఇసుకలో మొక్క నిక్షేపంగా ఉంటుంది, హైదరాబాద్ మిద్దె మీద కుళ్ళిపోతుంది. అంటే మొత్తం ఎంత వాన కురిసిందన్నది లెక్కలోకి రాదు. కురిసిన నీళ్ళు వేళ్ళ చుట్టూ ఎన్ని గంటలు నిలిచాయన్నదే చూడాలి.

ముతక ఇసుకలో రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి. నీళ్ళు వాటిలోంచి జారిపోతాయి, వెనకే గాలి దిగుతుంది. వేళ్ళకు తేమా గాలీ రెండూ అందుతాయి. మన మిద్దెతోటల వాడుక మిశ్రమం ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు, వర్మీకంపోస్టు ఒక వంతు. ఇందులో మూడింట రెండు వంతులు నీళ్ళు పట్టి ఉంచడానికే వేసినవి. ఎండాకాలంలో రోజుకొక్కసారి తడిపితే చాలని చేసిన మిశ్రమం అది. ఆకుకూరలకు బ్రహ్మాండం. ముసురు పట్టినప్పుడు మాత్రం ఆ కుండీ వారం గడిచినా ఆరదు.

పాత ఇళ్ళ ప్రహరీ గోడల కింద, మెట్ల పగుళ్ళలో ఈ మొక్క పెరగడం మీరూ చూసే ఉంటారు. దగ్గరగా చూస్తే దాని కింద పిడికెడు మట్టి కూడా ఉండదు. సిమెంటు విడిపోయిన సందులో ఇసుక, సున్నం పెచ్చులు, కొంచెం దుమ్ము. కాండం అడుగుభాగం చిటికెన వేలంత లావున బూడిదరంగు బెరడు కట్టి ఉంటుంది. దాని మీద నిలువుగా సన్నటి చీలికలు. పై కొమ్మలు ఎర్రగా, లేతగా, ప్రతి కణుపులోంచీ పూలు. సందు వెంబడి చీమల బారు ఉంటుంది, గింజల్ని పగుళ్ళలోకి లాక్కుపోయేవాటిలో అవీ ఉన్నాయి. ఎవరూ నీళ్ళు పోయని ఆ మొక్కే వీధిలో అందరికంటే పెద్దది.

వాలిపోయిన మొక్కను పీకి చూడండి

చచ్చిపోయిన మొక్కను చెత్తలో వేసే ముందు వేళ్ళు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. రెండు వేళ్ళతో ఒక సన్న వేరును పట్టి లాగండి. పై తొక్క గోధుమరంగు పొరలా ఊడొచ్చి లోపల దారంలాంటి నార మాత్రం మిగిలితే అది వేరుకుళ్ళు. మట్టిని తాకే చోట కాండం నల్లగా, నీళ్ళు ఊరినట్టు మెత్తగా ఉంటుంది. ఒక్కోసారి వేళ్ళు బాగానే ఉండి, పై కొమ్మల మధ్యలో నల్ల మచ్చ మొదలై అక్కణ్ణుంచి పైభాగమంతా వాలిపోతుంది. అది మట్టి చింది ఆకుల మీద పడటం వల్ల వచ్చేది. రెండింటికీ కారణం ఒకటే, ఫైటాఫ్తొరా. కొబ్బరిలో మొవ్వుకుళ్ళు, బత్తాయిలో బంక తెగులు తెచ్చేవి దీని జాతివే.

ఇది మామూలు శిలీంద్రం కాదు. నీటి బూజుల కోవలోది. దీని బీజాలకు తోకలుంటాయి, నీళ్ళలో ఈదుకుంటూ వేరును చేరతాయి. నీళ్ళు నిలిచిన కుండీలో వాటికి దారి తెరిచినట్టే. బావిస్టిన్‌లో ఉండే కార్బెండజిమ్ ఈ కోవ మీద పనిచేయదు. ఎంత పోసినా డబ్బు దండగ. పనిచేసేది మెటలాక్సిల్. మెటలాక్సిల్ 8 శాతం, మాంకోజెబ్ 64 శాతం కలిసి ఉన్న పొడి దొరుకుతుంది. లీటరుకు 2 గ్రాములు కలిపి, పది అంగుళాల కుండీకి పావు లీటరు చొప్పున కాండం మొదలు దగ్గర పోయాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి.

అయితే దీన్ని వాలిన మొక్కకు కాదు, దాని పక్కనున్న కుండీలకు పోయండి. మొక్క మొత్తం వాలిపోయాక వేళ్ళు ఎప్పుడో పోయి ఉంటాయి, మందు ఎక్కే దారే ఉండదు. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రం పొడి కూడా ముందస్తుగా వేసుకుంటే కొంత ఆసరా ఇస్తుంది, కుళ్ళు మొదలయ్యాక దాన్ని నమ్ముకోలేం.

చచ్చిన కుండీలోని మట్టిని అలాగే వాడి కొత్త మొక్క పెడితే అదీ పోతుంది. ఈ బూజు మట్టిలో నెలల తరబడి నిద్రపోతుంది. ఆ మట్టిని తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కవర్లో పలచగా పరిచి, గాలి పోకుండా మూసి, ఏప్రిల్ మే ఎండలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే చాలావరకు శుభ్రపడుతుంది. నల్ల కవరు పనికిరాదు, ఎండ లోపలికి దిగాలి. అంత ఓపిక లేకపోతే ఆ మట్టిని మొక్కలు లేని చోట పారబోయడం మేలు.

ఇంకో పొరపాటు మధ్యాహ్నం ఎండలో జరుగుతుంది. మే నెలలో బిళ్ళ గన్నేరు ఆకులు నిలువునా పైకి ముడుచుకుంటాయి. చూసిన వాళ్ళు దాహమనుకుని వెంటనే నీళ్ళు పోస్తారు. ఆ ముడుపు ఎండ తగిలే వైశాల్యాన్ని తగ్గించుకోవడానికి మొక్క చేసే పని, సాయంత్రానికి విప్పుకుంటుంది. సూర్యుడు దిగాక కూడా విప్పుకోకపోతే, వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా గుచ్చి పొడిగా తగిలితే, అప్పుడు పోయండి.

కుండీ సంగతి

ముతక ఇసుక రెండు వంతులు, ఎర్రమట్టి రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు. కోకోపీట్ వద్దు. ఇసుక అంటే ప్లాస్టరింగుకు వాడే సన్నది కాదు, అది మట్టి సందుల్ని పూడ్చేసి ఇంకా బిగిస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల రేణువులుండాలి. నది ఇసుక దొరక్కపోతే రోబో శాండ్ వాడొచ్చు, కాకపోతే అందులో రాతి పొడి ఎక్కువ. బకెట్లో వేసి, నీళ్ళు పోసి కలియబెట్టి, తేటపడేదాకా ఆ తెల్ల నీళ్ళు పారబోయాలి. ఇసుక తక్కువైతే బఠాణీ గింజంత ఇటుక ముక్కలు కలపండి. ఇసుక మొక్క కదా అని సముద్రపు ఇసుక మాత్రం తేకండి. అందులో ఉప్పుంటుంది, పైగా తీరం ఇసుక తవ్వడం తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనల్లో నిషేధం.

కుండీ నింపాక మొక్క పెట్టకముందే ఒక పరీక్ష చేయండి. లీటరు నీళ్ళు ఒక్కసారిగా పోయండి. అర నిమిషంలో పైన నీళ్ళు కనిపించకుండా పోవాలి, కాసేపటికే అడుగు నుంచి ధారగా కారాలి. పైన చెరువు కడితే మిశ్రమం ఇంకా బిగువుగా ఉన్నట్టు, మరో వంతు ఇసుక కలపాలి.

అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని దాదాపు ప్రతి వీడియోలోనూ చెబుతారు. జరిగేది దానికి విరుద్ధం. సన్న సందుల మట్టి పట్టుకున్న నీళ్ళు పెద్ద ఖాళీలున్న రాళ్ళలోకి తేలిగ్గా దిగవు, మట్టి పూర్తిగా నానిపోయేదాకా ఆ హద్దు దగ్గరే ఆగుతాయి. మామూలుగా కుండీ అడుగున ఉండే చిత్తడి పొర రాళ్ళ ఎత్తున పైకి జరిగి వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద మట్టి జారిపోకుండా ఒక పెంకు ముక్క చాలు. రంధ్రాలు అర అంగుళం వెడల్పున మూడు నాలుగు ఉండాలి. కింద ప్లేటు పెట్టే అలవాటుంటే వానాకాలంలో తీసేయండి. గులకరాళ్ళు మిగిలిపోతే వాటికి మంచి చోటు కుండీ పైభాగం. ఒక సెంటీమీటరు మందాన పరిస్తే వాన చినుకులకు మట్టి చింది ఆకుల మీద పడదు.

కుండీ పరిమాణం ఎనిమిది నుంచి పది అంగుళాలు, వీలైతే మట్టిది. చిన్న మొక్కను పద్నాలుగు అంగుళాల ప్లాస్టిక్ టబ్బులో పెడితే వేళ్ళు అందుకోలేని మట్టంతా తడిగా ఉండిపోతుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేళ్ళ ముద్ద చాలాసార్లు పూర్తిగా కోకోపీట్‌లోనే ఉంటుంది. దాన్ని అలాగే దించితే చుట్టూ ఇసుక మట్టి ఆరిపోయినా ముద్ద మధ్యలో తడి పోదు. నీళ్ళ బకెట్లో ముంచి, వేళ్ళు తెగకుండా సగం పీట్ జారేదాకా మెల్లగా ఆడించి నాటండి. రెండు మూడు రోజులు వాలినట్టుంటుంది, నీడలో ఉంచితే తేరుకుంటుంది.

నేలలో పెట్టేవాళ్ళకు ఎర్రనేలల్లో పెద్ద చింత లేదు. నల్లరేగడి అయితే ఒకటే దారి, ఇరవై పాతిక సెంటీమీటర్ల ఎత్తున ఇసుక కలిపిన గట్టు కట్టి దాని మీద నాటాలి. గుంట తీసి అందులో ఇసుక నింపితే చుట్టుపక్కల నీళ్ళన్నీ ఆ గుంటలోకే చేరతాయి.

మరి ఎరువు?

ఇక్కడ నాకూ కొంత తటపటాయింపు ఉంది. "ఇసుకలో పెరిగేదానికి ఎరువెందుకు" అని తేల్చేయడం సులువు. కానీ తమిళనాడులో తిరునెల్వేలి, రామనాథపురం వైపు మందుల కోసం దీన్ని పంటగా వేసే రైతులు పశువుల ఎరువు వేస్తారు, మొక్క బాగానే తీసుకుంటుంది. అక్కడి పద్ధతి ఇలా ఉంటుంది. హెక్టారుకు రెండున్నర కిలోల గింజను పది రెట్లు ఇసుకతో కలిపి వరసల్లో చల్లుతారు. ఆరో నెలలో ఒకసారి, తొమ్మిదో నెలలో ఒకసారి ఆకు దూస్తారు. ఏడాదికి మొక్కను వేళ్ళతో సహా తవ్వుతారు, వేరుకూ ధర ఉంటుంది. చాలావరకు వర్షాధారమే.

కాబట్టి ఎరువు శత్రువనడం కుదరదు. కుండీలో చిక్కేమిటంటే మనం వేసే వర్మీకంపోస్టు పోషకాలతో పాటు తడినీ తెస్తుంది. పైగా నత్రజని ఎక్కువైతే కొమ్మలు పుల్లల్లా సాగి, కణుపులు దూరమై, కాండం లేతగా తయారవుతుంది. బూజు ముందు పట్టేది ఆ లేత కాండాన్నే. పది అంగుళాల కుండీకి రెండు నెలలకొకసారి గుప్పెడు చివికిన ఎరువు పైన చల్లితే సరిపోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా అదీ మానేయొచ్చు. పూలు తగ్గాయంటే ముందు ఎండ చూడండి. ఆరు గంటల నేరు ఎండ లేని చోట ఏ ఎరువూ పూయించదు.

పసుపు ఆకులు, పచ్చ పూలు

లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువున్న కాలనీల్లో ఇది మామూలే. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము లీటరు నీళ్ళలో కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి, పది రోజుల తేడాతో రెండు సార్లు. నిమ్మ ఉప్పు ముందు కలిపి, తర్వాత అన్నభేది వేస్తే ద్రావణం తుప్పురంగుకు తిరగదు. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం ఇస్తుంది. దాని లోపం కింది ముదురు ఆకుల్లో కనిపిస్తుంది, పై లేత ఆకుల్లో కాదు. ఏ ఆకు పసుపుబారిందో చూడకుండా ఎప్సమ్ వేసేవాళ్ళే ఎక్కువ. ఒక్కోసారి మట్టిలో ఇనుము ఉన్నా, వేళ్ళు తడికి ఊపిరాడక తీసుకోలేవు. కుండీ ఆరనిచ్చినా రంగు తిరగకపోతే అప్పుడు పిచికారీ.

పూలు ఆకుపచ్చగా మారి, ఆకులు చిన్నవై, కొమ్మ చివర చీపురులా గుబురు కడితే సంగతి వేరు. నువ్వులో, వంగలో రైతులు వెర్రి తెగులు అనేది ఇదే కోవ. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెస్తుంది, దీపపు పురుగులు మోస్తాయి. పచ్చ పూలు కొత్త రకమనుకుని ఆ కొమ్మను అంటు కట్టి పంచేవాళ్ళున్నారు. తెగులు అంటుతోనే పోతుంది. మందు లేదు. మొక్కను వేళ్ళతో పీకి పారేయాలి, ముఖ్యంగా పక్కన వంగ మొక్కలుంటే. ప్రయోగశాలల్లో ఈ ఫైటోప్లాస్మాలను బతికించి ఉంచడానికి బిళ్ళ గన్నేరునే వాడతారంటే వాటికి ఇదెంత అనువైన ఇల్లో ఊహించుకోవచ్చు.

పిండినల్లి వస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం. వేలంత లావు పచ్చ గొంగళి ఒకటి, తల దగ్గర నీలం కళ్ళలాంటి మచ్చలతో, రాత్రికి రాత్రి ఒక కొమ్మ ఆకంతా తినేస్తే కంగారు పడకండి. గన్నేరు మీదా దీని మీదా పెరిగే పెద్ద రెక్కల పురుగు పిల్ల అది. కొమ్మ మళ్ళీ చిగురిస్తుంది.

హైబ్రిడ్ల వైపు మాట

నా ఓటు పాత గులాబీరంగు మొక్కకే. అయినా హైబ్రిడ్లను తీసిపారేయలేం. పాత మొక్క రెండడుగులు దాటి సాగుతుంది, పూవు చిన్నది, రంగులు గులాబీ, తెలుపు, ఎర్ర బొట్టున్న తెలుపు, అంతే. హైబ్రిడ్లు అడుగు ఎత్తులో గుండ్రంగా ఉంటాయి, రేకులు ఒకదాని మీదొకటి ఎక్కి మధ్యలో ఖాళీ ఉండదు, నేరేడు రంగు, నారింజ ఎరుపు దాకా దొరుకుతాయి. పైగా అన్నీ తెగుళ్ళకు లొంగేవే అనడం ఇప్పుడు కుదరదు. సింజెంటా వాళ్ళ కోరా శ్రేణిని ఫైటాఫ్తొరాను తట్టుకునేలా రూపొందించారు. అపార్ట్‌మెంట్ ముందు ఒకే ఎత్తు, ఒకే రంగు వరస కావాలనుకునేవాళ్ళకు అలాంటివే సరి.

వాటి మీద నా అభ్యంతరం అందం గురించి కాదు. గింజ కట్టినా తల్లిలాంటి పిల్ల రాదు కాబట్టి కొత్త మొక్క కావాల్సినప్పుడల్లా కొనాల్సిందే. నర్సరీలో తడి, ఎరువు లెక్కకట్టి ఇస్తూ పెంచిన మొక్క మన మిద్దె మీదకొచ్చాక అదే సేవ కోరుతుంది. తట్టుకునే రకమైనా ఆరని కుండీలో వేరు ఊపిరాడక చావడాన్ని ఏ జన్యువూ ఆపదు. హైబ్రిడ్ పెట్టినా పైన చెప్పిన ఇసుక మిశ్రమంలోనే పెట్టండి.

పాతదాని మీద వచ్చే గట్టి అభ్యంతరం వేరే ఉంది. అది చల్లినట్టు మొలుస్తుంది, ఎక్కడబడితే అక్కడ. నిజమే. పక్క కుండీల్లో నెలకోసారి పిలకలు పీకాల్సి వస్తుంది. ఇది మన మొక్క కూడా కాదు. తీరపు ఇసుక గట్లను బాగు చేయాలనుకునేవాళ్ళు దీన్ని తీసుకెళ్ళి అక్కడ నాటకూడదు, అక్కడ ముందు నుంచీ ఉన్న తీగలూ గడ్డీ ఉండాలి. నేను మాట్లాడుతున్నది పెరడు, మిద్దె, ప్రహరీ గోడ వరకే. మేకలూ పశువులూ ముట్టని మొక్క కాబట్టి కంచె లేని వీధి అంచుకు ఇంతకంటే మేలైనది వెతకడం కష్టం.

కత్తిరింపు

పాత మొక్క అందవికారంగా పొడుగు సాగుతుందని ఏడాదికే పీకేస్తారు. ఏడాదికి రెండు సార్లు కత్తిరిస్తే ఆ మాటే రాదు. ఒకటి ఫిబ్రవరి చివర, చలి తగ్గాక. రెండోది వానలు పూర్తిగా వెనకబట్టాక. ప్రతి కొమ్మనూ మూడో వంతు తగ్గించాలి, కోసిన చోట కింద కనీసం రెండు జతల పచ్చని ఆకులు మిగలాలి. బూడిదరంగు చెక్కలోకి కోస్తే చాలాసార్లు చిగురు రాదు. ముసురులో కత్తెర పెట్టకండి, కోతల్లోంచే బూజు దిగుతుంది. కోసినప్పుడు వచ్చే రసం చేతులకూ కళ్ళకూ తగలనివ్వకూడదు.

కోసిన కొమ్మ చివర్లలో పూలు లేనివి ఎంచి, ఎనిమిది పది సెంటీమీటర్ల ముక్కలు చేసి, కింది ఆకులు తుంచి, గంటసేపు నీడలో ఆరనిచ్చి తడి ఇసుకలో గుచ్చితే నెల లోపు వేరు కడతాయి. పైన కవరు కప్పే పని లేదు, కప్పితే కుళ్ళుతాయి. ఈ లెక్కన మొక్క రెండు మూడేళ్ళు బాగా పూస్తుంది. ఆ తర్వాత కాళ్ళు చెక్కబారి పూత చివర్లకే పరిమితమవుతుంది, అప్పుడు పక్కన మొలిచిన పిల్లను నిలుపుకోవడమే.

ఆకు నమిలేవాళ్ళకు

షుగరు తగ్గుతుందని పొద్దున్నే రెండు ఆకులు నమిలే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. దయచేసి వద్దు. జమైకాలో కూడా ఇదే నమ్మకంతో కషాయం తాగేవారు. ఆ ఆకులు 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తల చేతికి వెళ్ళాయి. ఎలుకలకు ఇచ్చి చూస్తే షుగరు తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారి పట్టుకునే విన్‌బ్లాస్టిన్ దొరికింది, తర్వాత విన్‌క్రిస్టిన్. రెండూ క్యాన్సరు మందులు. ఆకులో అవి ఎంత సూక్ష్మంగా ఉంటాయంటే ఒక గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. కాబట్టి నమిలితే క్యాన్సరు తగ్గుతుందనడమూ ఉత్తిదే. ఆకులో ఉండే మిగతా ఆల్కలాయిడ్లనే రసాయనాలు బీపీ మీద, నరాల మీద పనిచేసేవి. షుగరు మాత్రలు వేసుకుంటున్న పెద్దవాళ్ళు వీటితో ఆటలాడకూడదు.

గింజలు

పాత గులాబీ రకం నర్సరీల్లో దొరకదు, అమ్మితే లాభం లేదు కాబట్టి. అడిగితే ఎవరి గోడ పక్కనైనా దొరుకుతుంది. పూవు రాలాక జంటగా వచ్చే సన్న కాయలు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటాయి. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే గింజ ముదరదు, గోధుమరంగుకు తిరిగాక ఒక్క రోజు ఆగినా నిలువునా చీలి రాలిపోతాయి. పసుపు తిరిగిన రోజే కోసి కాగితం కవర్లో వేయండి, అందులోనే చీలతాయి. ప్లాస్టిక్ కవరైతే చెమర్చి బూజు పడుతుంది.

గింజ మొలవడానికి చీకటి కావాలి. పైపైన చల్లి వదిలేసి "మొలవలేదు" అనేవాళ్ళు ఎక్కువ. అర సెంటీమీటరు ఇసుక కప్పి, తడిపి, మొలకలు కనబడేదాకా ట్రే మీద అట్ట మూసి ఉంచండి. పాతిక డిగ్రీల వేడికి వారం, పది రోజుల్లో వస్తాయి. డిసెంబరులో వేస్తే కుళ్ళేవే ఎక్కువ, ఫిబ్రవరి చివర వేయడం మంచిది. మొలక రాగానే అట్ట తీసి ఎండ చూపించాలి, నాలుగు జతల ఆకులొచ్చాక మార్చుకోవచ్చు. దగ్గర్లో హైబ్రిడ్లు పూస్తుంటే సీతాకోకచిలుకలు పుప్పొడి కలిపేస్తాయి. అలాంటి చోట ఏరిన గింజల్లో ఏ రంగు వస్తుందో మొదటి పూత దాకా తెలియదు. గులాబీ మొక్క కింద మొలిచిన పిల్ల తెల్లగా పూసినా ఆశ్చర్యం లేదు. కచ్చితంగా ఆ రంగే కావాలంటే గింజలు మాని కొమ్మ తెచ్చుకోండి.